విశాఖ ద్వారకానగర్ త్రీడీ ప్రింటింగ్ షాపు: కగుల్ యుద్ధం మోడల్ ఎలా వచ్చిందంటే

ఈ షాపువాళ్లు పని బాగానే చేస్తారు, కానీ అన్నీ వాళ్లకే వదిలేస్తే లాభం లేదు. మోడల్ 1770 నాటి కగుల్ యుద్ధానిది. ఇప్పటి మోల్డోవాలోని వుల్కనెష్టి దగ్గర రుమ్యాంత్సెవ్ నడిపిన రష్యన్ సైన్యం, తనకంటే ఎన్నో రెట్లు పెద్దదైన ఒట్టోమన్ సేనను ఓడించింది. ఆ గెలుపు గుర్తుగా అక్కడ నిలబెట్టిన స్తంభం నేటికీ ఉంది.

నేల భాగం పీఎల్ఏలో (తీగలా రీలుకు చుట్టి వచ్చే ప్లాస్టిక్), 0.2 మిల్లీమీటర్ల పొరతో చక్కగా వచ్చింది. చిక్కంతా సైనికుల బొమ్మల దగ్గరే. 10 మిల్లీమీటర్ల బొమ్మకు పీఎల్ఏ దండగ. రెజిన్‌లో (వెలుతురు తగిలి గట్టిపడే ద్రవం) 0.05 పొర అడగండి. బాయ్‌నెట్ (తుపాకీ కొన కత్తి) 0.5 మిల్లీమీటర్ల కంటే సన్నగా ఉంటే, ప్రింటులో బొమ్మను మోసే సపోర్టులు తీసేటప్పుడే విరిగిపోతుంది, ఫైలులోనే లావు చేసి ఇవ్వాలి. మన సముద్రపు గాలికి పీఎల్ఏ చెమ్మ పీల్చి, ముక్కల మధ్య వెంట్రుకల్లాంటి పోగులు సాగుతాయి. రీలును ముందుగా 45 డిగ్రీల్లో ఆరు గంటలు ఆరబెట్టారా అని అడగండి. ఇక్కడ అడిగితేనే ఆరబెడతారు, అదే పెద్ద లోపం.

అమరికలో రష్యన్లను వరుసగా పేర్చేస్తే మొత్తం తప్పే. అయిదు చతురస్ర వ్యూహాలుగా నిలపాలి. జానిసరీలు (ఒట్టోమన్ కాల్బలం) రష్యన్ సేనాని ప్లెమ్యాన్నికోవ్ చతురస్రంలోకి చొరబడ్డారు కాబట్టి దాని ఒక మూల చెదిరినట్టు ఉండాలి. రష్యన్ కాల్బలం కోట్లు ఆకుపచ్చ, కఫ్‌లు ఎరుపు.

పెయింటింగ్ మాత్రం ఇక్కడ వద్దు, ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) మందంగా కొట్టి ముఖాలు పూడ్చేస్తున్నారు. మోడల్‌ను ఎండలో ఆపిన కారులో ఉంచొద్దు. పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడి వంగిపోతుంది.