ఫోన్‌కి రాసే నానో లిక్విడ్ పూతకి డబ్బులు పోయకండి, వైజాగ్ వాళ్లు మరీ ముఖ్యంగా

జగదాంబ దగ్గర కొత్త ఫోన్‌కి గ్లాస్ అడిగితే "అది పాత పద్ధతి సార్, నానో లిక్విడ్ వేయించుకోండి, 9హెచ్, ఏడాది గ్యారంటీ" అనేవాళ్లు మీకూ తగిలే ఉంటారు. ముందూ వెనకా కలిపి 799 కట్టాను. పదకొండో రోజుకి స్క్రీన్ మీద మూడు గీతలు, గోరు పెడితే ఆగేంత లోతు.

సాయంత్రం గ్యారంటీ కార్డు పట్టుకుని వెళ్లాను. "గీత పడితే డబ్బు వాపస్" అని నోటితో చెప్పిన అదే మనిషి కార్డు వెనక్కి తిప్పి, చీమ తలకాయంత అక్షరాల మీద వేలు పెట్టాడు. పగిలితేనే గ్యారంటీ, గీతలకు లేదు. "ఆరోజే చదువుకోవాలి కదా సార్" అన్నాడు, నా మొహం కూడా చూడకుండా, ఇంకొకాయన ఫోన్‌కి అదే లిక్విడ్ రాస్తూ. ఆయన్ని వద్దనబోతే "బేరం చెడగొట్టకండి, బయటికి నడవండి" అని గొంతు పెంచాడు. డబ్బు పోయినదానికన్నా ఆ మాటే ఇంకా మండిస్తోంది. కార్డు చదవకపోవడం నా తప్పే.

వాళ్లు చూపించే పరీక్ష సంగతి తెలుసుకోండి. ఫోన్ వెనకవైపు ఉండే గరుకు (మ్యాట్) గాజు పలక మీద సగానికి పూత రాసి, తాళంచెవితో గీస్తారు. పూత లేని సగంలో బూడిదరంగు గీత కనిపిస్తుంది, పూత ఉన్నచోట జారిపోతుంది. నిజానికి అది గీతే కాదు. గరుకు గాజు మీద తాళంచెవి అరిగి అంటుకున్న లోహం. పెన్సిల్ రబ్బరుతో రుద్దితే చాలావరకు పోతుంది. ఇత్తడి తాళంచెవి గట్టిదనం మోస్ కొలతలో (ఏది దేన్ని గీస్తుందో చెప్పే 1 నుంచి 10 దాకా ఉన్న కొలత) 3, 4 మధ్య, చాకు ఉక్కుది 5.5 దగ్గర. ఫోన్ గాజు మీద మామూలుగా 6 దాకా గీత పడదు. అంటే పూత లేకపోయినా ఆ పరీక్ష గెలిచేది గాజే.

9హెచ్ కూడా మోస్ 9 కాదు. అది పెన్సిల్ పరీక్ష. గ్రాఫైట్, బంకమట్టి కలిపి చేసిన పెన్సిల్‌ని 45 డిగ్రీల్లో పెట్టి, 750 గ్రాముల బరువుతో తోస్తారు. 9హెచ్ అనే గట్టి పెన్సిల్‌కి గీత పడలేదని మాత్రమే దానర్థం. మోస్ 9 అంటే నీలమణి.

మన ఊళ్లో ఫోన్‌కి శత్రువు తాళంచెవి కాదు, ఇసుక. క్వార్ట్జ్ 7. బీచ్‌లో ఎర్రగా మెరిసే గార్నెట్ 6.5 నుంచి 7.5. జేబులో ఒక్క రేణువు ఉన్నా చాలు. వెంట్రుక మందంలో వందో వంతు కూడా లేని పూత దాన్ని ఆపలేదు.

ఇంకో వల కూడా ఉంది. గీతల మీద "పాలిష్ కొట్టేస్తాం, 600 అవుతుంది" అన్నారు. ఒప్పుకోవద్దు. గాజు పాలిష్‌కి వాడే సీరియం ఆక్సైడ్ ముద్దతో రుద్దితే వేలిముద్రలు అంటకుండా కంపెనీ వేసిన పొర ముందు పోతుంది. తర్వాత గాజు బలమే పోతుంది. ఫోన్ గాజుని తయారీలో వేడి పొటాషియం ఉప్పులో ముంచినప్పుడు గాజులోని సోడియం స్థానంలో పెద్దవైన పొటాషియం అయాన్లు ఇరుక్కుని పైపొరని బిగిస్తాయి. ఆ పొర కొన్ని పదుల మైక్రాన్లే. లోతు గీత పోయేదాకా అరగదీస్తే అక్కడ పొర పలచబడుతుంది, అద్దం వంకరగా కనిపిస్తుంది, తర్వాత చిన్న దెబ్బకే పగలొచ్చు.

ఫ్రేమ్‌కీ ఈ పూత వేస్తామంటారు, అదీ దండగే. అల్యూమినియం ఫ్రేమ్ రంగు అనోడైజింగ్ పొరలో, అంటే కరెంటుతో లోహం మీద పెంచిన ఆక్సైడ్ పొరలో ఉంటుంది. పదునైన అంచుల దగ్గర ఆ పొర బలహీనం, అందుకే మూలల్లోనే ముందు లేచి తెల్లగా లోహం బయటపడుతుంది. అక్కడ దెబ్బ ఆపేది కేసే.

మామూలు టెంపర్డ్ గ్లాస్ వేయించుకోండి, గీత పడితే మార్చేయొచ్చు. బీచ్ నుంచి వచ్చాక చొక్కాతో తుడవకండి, ముందు ఊది ఇసుక దులపండి. కేసు విప్పి లోపల కూడా దులపండి, అందులో చిక్కిన రేణువులే ఫ్రేమ్‌ని అరగదీస్తాయి. కార్డు ఇస్తే సరిపోదు, బిల్లు అడగండి. నా దగ్గర కార్డూ, యూపీఐ రసీదూ ఉన్నాయి. రేపు పొద్దున్నే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తున్నాను.