పారిస్ ఎండల్లో ఏ గది మేలు: కప్పు కిందా, ఏసీలోనా, మండువా వైపా?

పదిహేనేళ్ల క్రితం పారిస్‌లో రెండేళ్లు చదువుకున్నాను. అప్పుడు నేనున్నది లిఫ్టు లేని ఇంట్లో, ఆరో అంతస్తులో, వాలు కప్పు కింద తొమ్మిది చదరపు మీటర్ల గది. పడుకుంటే కిటికీ నిండా ఆకాశం, లేచి నిలబడితే తలకి కప్పు తగిలేది. చలికాలం రెండు స్వెట్టర్లు వేసుకుని చదువుకున్నా, ఆ గదంటే ప్రాణం. 2025 జూన్ చివర్లో అమ్మని తీసుకుని మళ్ళీ వెళ్లినప్పుడు, పనిగట్టుకుని ఆ పేటలోనే, అచ్చం అలాంటి గదే వెతికి తీసుకున్నాను. వాతావరణం చూడలేదా అంటే చూశాను. తెనాలివాళ్లకి ఎండ గురించి ఇంకొకరు చెప్పాలా అనుకున్నాను.

తొమ్మిది రాత్రుల్లో మూడు చోట్ల పడుకున్నాం. ఏది మేలని ఇప్పటికి ముగ్గురు నలుగురు అడిగారు కాబట్టి వివరంగానే రాస్తున్నా.

ముందు ఒక మాట. వడగాడ్పుల రోజుల్ని ఫ్రెంచివాళ్లు ‘కనిక్యూల్’ అంటారు. లాటిన్‌లో ‘చిన్న కుక్క’ అనే మాట నుంచి వచ్చింది, లుబ్ధక నక్షత్రానికి ఉన్న పాత పేరు అది. రోళ్లు పగిలే ఎండల్ని మనం రోహిణి కార్తె పేరుతో చెప్పుకున్నట్టే, వాళ్లూ ఒక చుక్క పేరుతోనే చెప్పుకుంటున్నారన్నమాట. పారిస్‌లో కనిక్యూల్ అనాలంటే మూడు రోజుల సగటు పగటిపూట 31 డిగ్రీలు, రాత్రిపూట 21 డిగ్రీలు దాటాలి. 31 అనగానే అమ్మ నవ్వింది. “మనకి సంక్రాంతికి ఉంటుంది కదే అంత!” అంది. నేనూ నవ్వాను. ఇద్దరం ఆ రెండో అంకెని పట్టించుకోలేదు.

పారిస్‌లో 2019 జూలై 25న 42.6 డిగ్రీలు వచ్చింది. అంతకుముందు రికార్డు 1947 నాటిది, 40.4. అయినా అక్కడివాళ్లు ఇప్పటికీ భయంగా తలుచుకునేది 2003 ఆగస్టునే. అప్పుడు ఫ్రాన్స్ మొత్తం మీద 15,000 మంది దాకా చనిపోయారు, ఎక్కువమంది ముసలివాళ్లు. పారిస్‌లో రాత్రిళ్లు కూడా 25.5 డిగ్రీల కన్నా కిందికి దిగని రోజులు వచ్చాయి. పైకప్పు కింది గదుల్లో పడుకునేవాళ్లకి ముప్పు ఎక్కువగా ఉందని ఆ తర్వాత చేసిన పరిశీలనల్లో తేలింది. ఇది నేను తిరిగొచ్చాక చదివాను. ముందే చదివి ఉంటే మొదటి రెండు రాత్రులు మిగిలేవి.

సరే, ఆ మొదటి గది.

పారిస్ ఇళ్ల కప్పుల్లో ఎక్కువ భాగం జింకు రేకులే. పైనుంచి చూస్తే ఊరంతా బూడిదరంగు వెండిలా కనిపించేది వాటి వల్లే. ఆ రేకులు పరిచే పనివాళ్ల నైపుణ్యాన్ని 2024 డిసెంబరులో యునెస్కో వారసత్వ జాబితాలో కూడా చేర్చారు. అందంగా ఉంటాయి, కాదనను. కానీ మనకి అర్థమయ్యే మాటల్లో చెప్పాలంటే అది రేకుల షెడ్డు. రేకుకి కింద చెక్క, చెక్క కింద సున్నం పూత, దాని కింద మనం. వెనకటి రోజుల్లో ఈ గదులు పనిమనుషుల కోసం కట్టినవి. కింద అంతస్తుల్లో యజమానులు, కప్పు కింద పనివాళ్లు.

అమ్మ గదిలోకి వచ్చి చేసిన మొదటి పని తలెత్తి చూడటం. “ఫ్యానేదే?” అంది. లేదన్నాను. నమ్మలేదు. మంచం పక్కన గోడమీద రెండు స్విచ్చులు నొక్కి చూసింది. రెండూ దీపాలవే. మర్నాడు టేబుల్ ఫ్యాను కొందామని నాలుగు షాపులు తిరిగాను. నాలుగింటిలోనూ ఖాళీ అరలే. కనిక్యూల్ మొదలైన రెండో రోజుకే ఫ్యాన్లు అయిపోతాయని చదువుకునే రోజుల నుంచీ తెలిసిన సంగతే, మర్చిపోయాను.

ఆ రాత్రి పదకొండింటికి వాలు గోడ మీద చెయ్యి పెట్టి చూశాను. గ్యాస్ పొయ్యి మీంచి దించిన పెనంలా కాకపోయినా, ఇస్త్రీ చేసిన పంచెంత వేడిగా ఉంది. బయట గాలి చల్లబడుతోంది, లోపల కప్పు మాత్రం పగలంతా తాగిన వేడిని మా మీదకి వదులుతోంది. కిటికీ కప్పులోనే ఉంది కాబట్టి ఎండ నేరుగా మంచం మీద పడుతుంది, దానికి బయట చెక్క రెక్కలు లేవు. అమ్మ తువ్వాలు తడిపి పొట్ట మీద వేసుకుంది, నేను ప్లాస్టిక్ బేసిన్‌లో నీళ్లు పోసుకుని కాళ్లు పెట్టుకుని కూర్చున్నాను. పొద్దున నాలుగున్నరకి కాస్త కన్ను మూతపడింది. ఐదుంబావుకి వెలుతురు వచ్చేసింది.

తెనాలిలో 44 డిగ్రీలు చూసినవాళ్లం 36కి ఎందుకిలా అయిపోయామని ఆలోచిస్తే కారణాలు మామూలువే. మన ఇంట్లో ఫ్యాను ఉంటుంది, సన్‌షేడ్ ఉంటుంది, పొద్దు గుంకగానే డాబా మీద నీళ్లు చల్లుకుంటాం, ఏడున్నరకల్లా చీకటి. అక్కడ జూన్ చివర్లో సూర్యాస్తమయం దాదాపు రాత్రి పదికి. ఇంకో తిరకాసు కూడా ఉంది, కొత్తవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. అక్కడి గడియారం మామూలుగానే సూర్యుడి కన్నా దాదాపు గంట ముందుంటుంది, వేసవిలో ఇంకో గంట ముందుకు జరుపుతారు కాబట్టి, సూర్యుడు నడినెత్తికి వచ్చేది మధ్యాహ్నం దాదాపు రెండింటికి. ఎండ ముదిరేది సాయంత్రం ఐదు, ఆరు గంటలకి. మన అలవాటు ప్రకారం నాలుగున్నరకి “ఎండ తగ్గింది, పద” అని బయల్దేరామా, సరిగ్గా కొలిమి నోట్లోకి నడిచినట్టే. అమ్మా నేనూ మొదటి రోజు చేసింది అదే. వంతెన దాటేసరికి ఆవిడ చీర కొంగు నెత్తిన వేసుకుని, “ఇదేం సాయంత్రమే” అని అక్కడే కూర్చుండిపోయింది.

రెండు రాత్రులయ్యాక ఇక లాభం లేదని ఏసీ హోటల్ తీసుకున్నాను. ఊరి మధ్యలో ఏసీ ఉన్న గదులు అప్పటికి దొరికితే ధర మండిపోతోంది, దొరక్కపోతే వెతికిన టైము దండగ. పాత కట్టడాల్లో బయటికి ఏసీ డబ్బా బిగించాలంటే అనుమతులు దొరకడం కష్టం కాబట్టి, ఆ గదులే తక్కువ. దొరికింది ఊరు చుట్టూ తిరిగే రింగు రోడ్డుకి అవతల, కొత్తగా కట్టిన పెద్ద పెట్టెలాంటి హోటల్లో.

న్యాయంగా చెప్పాలి: అక్కడ నిద్రపోయాం. తొమ్మిది గంటలు, మనిషికొక దుప్పటి కప్పుకుని. ఆ ఒక్క మాటతోనే ఈ పోలిక అయిపోవాలి నిజానికి. ఎందుకు అయిపోలేదంటే, పారిస్‌కి వెళ్లి మేం పారిస్‌లో లేము. ఊళ్లోకి రావడానికి నలభై నిమిషాలు, మధ్యలో ఒక రైలు మారడం, మనిషికి రెండున్నర యూరోల టికెట్. మెట్రోలో 2, 5, 9 లాంటి లైన్ల పెట్టెల్లో చల్లగాలి ఊదే ఏర్పాటు ఉంది, మేం ఎక్కినదాంట్లో లేదు. ఇరవై రెండు డిగ్రీల గదిలోంచి ఆ పెట్టెలోకి, పెట్టెలోంచి మళ్ళీ ఎండలోకి. గదిలో ఏసీ రిమోట్ కూడా లేదు, హోటల్ మొత్తానికి కిందనే ఎక్కడో ఒక మీట. పొద్దున్నకి అమ్మకి తుమ్ములు.

అసలు నష్టం వేరే. కనిక్యూల్ రోజుల్లో పారిస్ పగలు మూసుకుని పడుకుని, రాత్రి లేస్తుంది. కొన్ని పార్కుల గేట్లు రాత్రంతా తెరిచే ఉంచుతారు. సీన్ నది ఒడ్డు మెట్ల మీద పన్నెండు దాటినా జనం, పిల్లల్ని ఎత్తుకున్నవాళ్లతో సహా. నేను చదువుకునే రోజుల్లో ఈ ఊరిని ప్రేమించింది ఇలాంటి రాత్రుల్లోనే. ఆఖరి రైలు టైము చూసుకుంటూ కూర్చుంటే అది ఎలా దక్కుతుంది? ఒక రాత్రికే ఖాళీ చేశాం.

మూడో గది మా అదృష్టం. చదువుకునే రోజుల నాటి స్నేహితురాలు సెలవులకి ఊరు వెళ్తూ తన ఇంటి తాళం ఇచ్చింది. పందొమ్మిదో శతాబ్దపు రాతి ఇల్లు, రెండో అంతస్తు, గది కిటికీలు వీధి వైపు కాక లోపలి మండువా వైపు. ఏసీ లేదు. ఫ్యాను కూడా లేదు. చూడగానే నాకు టెన్షన్ మొదలైంది. పైగా మర్నాడు జూలై 1. పారిస్‌కి ఎర్ర హెచ్చరిక ఇచ్చిన రోజు, ఈఫిల్ టవర్ చిట్టచివరి అంతస్తుకి జనాన్ని వెళ్లనివ్వకుండా మూసేసిన రోజు. 38 ప్రాంతానికి వెళ్లింది.

అమ్మ మాత్రం లోపలికి రాగానే గోడని తట్టి చూసింది. మూరెడు మందం సున్నపురాయి. కిటికీలకి బయట చెక్క రెక్కలు. “ఇది ఇల్లు” అంది. అక్కడి నుంచి ఇంటి పెత్తనం ఆవిడదే. పొద్దున ఏడున్నరకి చెక్క రెక్కలు, అద్దాలు రెండూ బిగించేది. నేను గాలి కోసం ఒక రెక్క తీయబోతే, “వడగాలిని పిలిచి కూర్చోబెడతావా? తియ్యకు” అని కసిరింది. మా తాతయ్యగారింట్లో గుమ్మాలకి వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లేవారట, నాకు గుర్తులేదు. స్నేహితురాలు ఫ్రిజ్ మీద అంటించి వెళ్లిన చీటీలో రాసింది కూడా అక్షరాలా అదే: పగలు అన్నీ మూసెయ్యి, రాత్రి బయట చల్లబడ్డాక అన్నీ తెరువు. ఆ చీటీ అమ్మకి చదివి వినిపిస్తే, “మరి ఇది తెలిసినవాళ్లు ఫ్యాను ఎందుకు పెట్టుకోరే?” అంది. నా దగ్గర జవాబు లేదు.

ఆ రోజు సాయంత్రం బయట అంత ఎండలోనూ గదిలో ఒళ్లు చెమట పట్టలేదు. చల్లగా ఉందని చెప్పను, అబద్ధమవుతుంది. గుడి మండపంలో కూర్చున్నట్టు ఉంది. రాత్రి పదకొండున్నరకి రెండు వైపులా కిటికీలు తెరిస్తే మండువా లోంచి గాలి ఇంట్లోంచి దూరిపోయింది. ఎండ తగలని నాపరాళ్ల మీంచి వచ్చే గాలి కాబట్టి దానికి కాస్త తడి వాసన కూడా ఉంది. ఆరు గంటలు నిద్రపోయాం. అంతకు ముందు పదింటి నుంచీ గంటన్నర సీన్ ఒడ్డున నీళ్లలోకి కాళ్లు వేలాడేసుకుని కూర్చునే వచ్చాం. ఏసీ హోటల్లో మూడు గంటలు ఎక్కువ పడుకున్నా, నాకు ఇదే ఎక్కువ అనిపించింది.

కనుక నా వరుస ఇది: తక్కువ అంతస్తులో మండువా వైపు గది మొదటిది, ఏసీ గది రెండోది, కప్పు కింది గది అసలు లెక్కలోకి రాదు, ఎంత ప్రేమ ఉన్నా సరే. అయితే నెలల పిల్లలతో వెళ్తుంటే, గుండెజబ్బు లాంటివి ఉన్న పెద్దవాళ్లు పక్కనుంటే, ఈ వరుస వదిలేయండి, మారుమాట లేకుండా ఏసీ తీసుకోండి, దూరమైనా సరే. మా అమ్మకి అరవై ఆరేళ్లు, బీపీ కూడా లేదు. అది వేరే సంగతి.

గది మాట్లాడుకునేటప్పుడు ఫొటోలు చూసి మోసపోకండి, కప్పు కింది గదులే ఫొటోల్లో అందంగా ఉంటాయి. ‘సు లె త్వా’ అని రాసి ఉంటే కప్పు కింద అని అర్థం, వేసవిలో పక్కన పెట్టెయ్యండి. ‘సుర్ కూర్’ అంటే మండువా వైపు. ‘వోలే’ అంటే కిటికీ చెక్క రెక్కలు, ఉన్నాయో లేదో అడగండి. గాలి అటూ ఇటూ ఆడేలా రెండు వైపులా కిటికీలు ఉన్నాయా అనేది కూడా. ఏసీ ఉందని రాసినచోట అది గోడకి బిగించిందా, లేక గొట్టాన్ని కిటికీలోంచి బయటికి పెట్టే చక్రాల బండా అని అడిగి తేల్చుకోండి. రెండోదైతే కిటికీ సగం తెరిచి ఏసీ వేసుకున్నట్టే.

పగటిపూట ఏం చెయ్యాలంటే పెద్ద చిక్కేమీ లేదు. సాన్ సుల్పీస్, సాన్ యుస్తాష్ లాంటి పాత చర్చిలు మిట్టమధ్యాహ్నం కూడా చల్లగా ఉంటాయి, టికెట్ లేదు. లూవ్ర్ మ్యూజియాన్ని సీన్ నీటితో పనిచేసే భూగర్భ శీతల గొట్టాలే చల్లబరుస్తాయి. బుధ, శుక్రవారాల్లో రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంటుంది కాబట్టి, ఎండ ముదిరే వేళంతా లోపలే గడిచిపోతుంది. వీధుల్లో నలుగురు స్త్రీ మూర్తులు గోపురం మోస్తున్నట్టుండే ఆకుపచ్చ వాలెస్ కుళాయిలు 1872 నుంచీ ఊరికే మంచినీళ్లు ఇస్తున్నాయి, సీసా నింపుకోండి. సూపర్ మార్కెట్‌లో ‘లే రిబో’ అని ఫ్రాన్స్‌లోని బ్రిటనీ ప్రాంతంవాళ్ల మజ్జిగ దొరుకుతుంది. కాస్త ఉప్పు, చితక్కొట్టిన అల్లం వేసి అమ్మ చేతికిస్తే, మన మజ్జిగ కన్నా చిక్కగా ఉందని నీళ్లు కలిపి తాగింది. మేం బయల్దేరే ముందురోజు, జూలై 5న, సీన్‌లో ఈతకి మూడు చోట్ల రేవులు తెరిచారు. 1923లో నిషేధించిన తర్వాత మళ్ళీ అప్పుడే. అప్పటికి ఎండ చల్లబడింది, పైగా ఇద్దరికీ ఈత రాదు. ఒడ్డునుంచి చూసి వచ్చాం.

తేదీలు మార్చుకునే వీలుంటే సెప్టెంబరు అన్నిటికన్నా మేలు, అది చెప్పడానికి ఇంత రాయక్కర్లేదు. పిల్లల బడి సెలవుల వల్లో, ఆఫీసులో లీవు దొరకకో వేసవిలోనే వెళ్లాల్సినవాళ్ల కోసం రాశాను. మేం మళ్ళీ వెళ్తే స్నేహితురాలి ఇంటికే. అమ్మ ఈసారి తాటాకు విసనకర్రలు రెండు పెట్టెలో పెడతానంటోంది. ఒకటి ఆ ఇంట్లోనే వదిలేసి వస్తుందట.