లువార్ లోయలో ఒక్క కోటే చూసే టైముంటే

పారిస్ వెళ్ళే మనవాళ్ళు చాలామంది ఐఫిల్ టవర్, వెర్సాయ్ చూసుకుని వెనక్కి వచ్చేస్తారు. ఇంకో రెండు రోజులు చేతిలో ఉంటే లువార్ లోయకు వెళ్ళమంటాను. అక్కడ కోటలకు కొదవలేదు. ఒక్కటే చూసే వీలుంటే మాత్రం షెనన్సో చూడండి, షాంబోర్ వద్దు.

షాంబోర్ పేరూ పెద్దది, ఆకారమూ పెద్దది. మొదటి ఫ్రాన్స్వా రాజు 1519లో మొదలుపెట్టించిన వేట విడిది అది. నాలుగు వందలకు పైగా గదులు, అడవి చుట్టూ 32 కిలోమీటర్ల గోడ. ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ ఒకరికొకరు ఎదురుపడకుండా మెలితిరిగే జంట మెట్లు నిజంగా చూడాల్సినవే. కానీ చాలా గదులు బోసిగా ఉన్నాయి. కట్టించిన రాజే తన ఏలుబడి మొత్తంలో అక్కడ మూడు నెలలు కూడా ఉండలేదట. మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మ ఆ మెట్ల దగ్గరే "ఇక నావల్ల కాదురా" అని కూర్చుండిపోయింది.

షెనన్సోలో అమ్మే మాకంటే ముందు నడిచింది. అక్కడి మెట్లు తిన్నగా ఉంటాయి, పైగా ప్రతి గదికీ ఒక కథ ఉంది. సవతి పోరు కథ అయితే ఆమెకి ఎవరూ విడమరచి చెప్పక్కర్లేకపోయింది. రెండో హెన్రీ రాజు 1547లో ఈ కోటను తన ప్రియురాలు డియాన్‌కి ఇచ్చాడు. షేర్ నది మీద అవతలి గట్టు దాకా వంతెన కట్టించింది ఆవిడే. 1559లో గుర్రాల మీద ఈటెలతో తలపడే పోటీలో దెబ్బ తగిలి రాజు చనిపోగానే, పట్టపురాణి కేథరిన్ ద మెడిచి ఆమెను షెనన్సో నుంచి ఖాళీ చేయించి, బదులుగా షోమోన్ కోట ఇచ్చింది. అంతటితో ఊరుకోలేదు. సవతి వంతెన మీద 60 మీటర్ల పొడవున నాట్యశాల లేపింది. ఇద్దరి తోటలూ ఇప్పటికీ కోటకు చెరోవైపు ఉన్నాయి. డియాన్ తోటే పెద్దది.

ఆ నాట్యశాలలో నలుపు తెలుపు గళ్ళ నేల మీద నిలబడితే రెండు వైపులా కిటికీల కింద నది పారుతుంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో అదే హాలు ఆసుపత్రి అయింది. ఖర్చంతా అప్పటి యజమానులు, చాక్లెట్ వ్యాపారం చేసే మెనియే కుటుంబం భరించింది. రెండో యుద్ధంలో ఈ నదే సరిహద్దు. ముందు గుమ్మం జర్మన్ల ఆక్రమణలో ఉంటే, హాలు చివరి తలుపు అవతలి స్వేచ్ఛా ప్రాంతంలోకి తెరుచుకునేది. ఆ తలుపు గుండా చాలామందిని దాటించారు.

కింద, నదిలోకి దిగిన కోట స్తంభాల్లో ఉన్న వంటిళ్ళు వదలకండి. సరుకుల పడవ నేరుగా అక్కడికే వచ్చేది. రాగి గిన్నెలు, రొట్టెల పొయ్యి చూస్తూ అమ్మ అక్కడే ఎక్కువసేపు గడిపింది.

షెనన్సోకి టూర్ అనే ఊరి నుంచి లోకల్ రైల్లో అరగంటే. స్టేషన్ కోట గేటు పక్కనే. కాకపోతే రైళ్ళు తక్కువ, తిరుగు రైలు టైము ముందే రాసిపెట్టుకోండి. టూరిస్టు బస్సులు దిగాక లోపల తోపులాటే, గేటు తెరిచే వేళకు ఉండటం మంచిది.

బస విషయంలో మాకు కాస్త చేదు అనుభవమే. పల్లెలో ఒక పాత ఇల్లు తీసుకున్నాం. ఇల్లావిడ మంచిది, పొద్దున్నే పెట్టే రొట్టె, జామ్ బ్రహ్మాండం. కానీ గది మూడో అంతస్తులో, లిఫ్టు లేదు. బుకింగ్ పేజీలో ఆ ముక్క ఎక్కడా లేదు. పెద్దవాళ్ళుంటే ముందే మెయిల్ చేసి అడగండి. కారు లేకపోతే టూర్ ఊళ్ళోనే దిగండి. కారుంటే ఆంబ్వాజ్ ఊరు నయం. లియోనార్డో డావిన్చీ చివరి మూడేళ్ళు గడిపిన ఇల్లు కూడా అక్కడే ఉంది.

శాకాహారులకు ఆమ్లెట్ పనికొస్తే ఇబ్బంది లేదు, లేదంటే మేకపాల చీజ్ సలాడే గతి. మధ్యలో గడ్డిపరక గుచ్చి ఉండే సెంట్ మోర్ చీజ్ నాకు నచ్చింది, అమ్మ వాసన చూసి పక్కన పెట్టేసింది. మధ్యాహ్నం రెండు దాటితే హోటళ్ళలో వంట కట్టేస్తారు, ఆదివారం సాయంత్రం కొట్లు మూసేస్తారు. వంటిల్లున్న బస తీసుకుంటే సూపర్ మార్కెట్ పెరుగుతో పూట గడిచిపోతుంది.

చుట్టుపక్కల పల్లెలకు సైకిలే సరైన బండి. తెల్లటి మెత్తని రాయి కొండల్ని తొలిచి ఇళ్ళు, వైన్ కొట్లు చేసుకున్నారు. ఒకప్పుడు కోటలకు రాయి తవ్వుకున్న గనుల్లోనే కొన్నిచోట్ల పుట్టగొడుగులు పెంచుతున్నారు. ద్రాక్షతోటల మధ్య ఎత్తుపల్లాలు ఉంటాయి కాబట్టి బ్యాటరీ సైకిల్ అద్దెకు తీసుకోండి. షేర్ నదికి దక్షిణ గట్టున మట్టి బాట మీద వెళ్తే షెనన్సో కోట మొత్తం నీళ్ళ మీద కనిపిస్తుంది, దానికి టికెట్ కూడా అక్కర్లేదు. వాన పడిన మర్నాడు మాత్రం ఆ బాట బురద బురద.