సీసైడ్, ఫ్లోరిడా: ఇసుక దిబ్బల వెనుక కట్టిన ఊరు

ఫ్లోరిడా వాయవ్య తీరంలో, వాల్టన్ కౌంటీ గుండా సాగే 30-ఎ రహదారి మీదున్న సీసైడ్‌ను సెలవుల విడిదిగా మెచ్చుకున్నవారు చాలామందే ఉన్నారు. అయితే ఇళ్లు, అంగళ్లు, బడి, తపాలా కార్యాలయం, ప్రార్థనా మందిరం అన్నీ కాలినడక దూరంలో అమర్చుకుని, తన తీరాన్ని తానే కాపాడుకోవాలనుకున్న ఊరుగా అది ఎంతవరకు నెగ్గిందన్నది వేరే ప్రశ్న. తీరం విషయంలో నా అభిప్రాయం అనుకూలమే. ఊరి విషయంలో అంత ధీమాగా చెప్పలేను.

తాత 1946లో కొన్న 80 ఎకరాలు వారసత్వంగా దక్కిన రాబర్ట్ డేవిస్, వాస్తుశిల్పులైన ఆండ్రెస్ డువానీ, ఎలిజబెత్ ప్లేటర్-జైబెర్క్ దంపతుల చేత ప్రణాళిక గీయించి 1981లో నిర్మాణం మొదలుపెట్టారు. స్థిరాస్తి వ్యాపారి ఎవరైనా నీటి అంచునున్న స్థలాలనే ముందుగా, ఎక్కువ ధరకు అమ్ముకుంటాడు. డేవిస్ మాత్రం ఊరిలో అధిక భాగాన్ని రోడ్డుకు ఉత్తరాన నిలిపి, దక్షిణాన సముద్రం వైపు ఉన్న దిబ్బలను చాలావరకు ఉన్నవి ఉన్నట్టే ఉంచారు. వీధులు సముద్రం వైపు సాగి, వాటి చివర ఒక్కో వాస్తుశిల్పి ఒక్కో తీరులో కట్టిన మండపాల దగ్గర ఆగుతాయి (టుపెలో వీధి మండపం ఎర్నెస్టో బుచ్ రూపకల్పన, నాకు అన్నిటికన్నా నచ్చినది అదే). అక్కడి నుంచి దిబ్బ మీదుగా ఎత్తుగా వేసిన చెక్క వంతెన ఇసుకలోకి దింపుతుంది. అందువల్ల అడుగులన్నీ కొన్ని దారుల్లోనే పడతాయి, దిబ్బ మీద గడ్డి నలగదు. చిట్టచివరి వరుసలో ఇల్లు కొన్నవారికి కూడా సముద్రం తమ వీధి చివరనే ఉంటుంది. దిబ్బను కాపాడటం అమ్మకాలకు కూడా కలిసొచ్చేలా చేసిన ఈ అమరికే సీసైడ్‌లో అసలైన తెలివి.

దిబ్బ ఎందుకంత ముఖ్యమంటే, తుపాను వేళ అది తన ఇసుకను అలలకు అప్పగించి వాటి ఉధృతిని తగ్గిస్తుంది, ఆ తర్వాతి నెలల్లో గాలి, నీరు ఆ ఇసుకను కొంతైనా తిరిగి చేరుస్తాయి, సీ ఓట్స్ అనే గడ్డి వేళ్లు దానిని పట్టి ఉంచుతాయి. కాంక్రీటు గోడకు తగిలిన అల మాత్రం వెనక్కి మళ్లి గోడ ముందరి ఇసుకనే కోసుకుపోతుంది. 1995 అక్టోబరులో ఓపల్ తుపాను ఈ తీరాన్ని తాకినప్పుడు సీసైడ్ దిబ్బలు బాగా కోతకు గురయ్యాయి కానీ వాటి వెనుకనున్న ఇళ్లు పెద్ద నష్టం లేకుండా నిలిచాయి. ఓడరేవు తవ్వకాల్లో తీసిన ఇసుకను రామకృష్ణా బీచ్‌కు పోస్తుండగా చూసిన విశాఖవాసులకు, పోయిన ఇసుకను తిరిగి తెచ్చుకోవడం ఎంత ఖర్చుతో కూడిన పనో వేరే చెప్పనక్కరలేదు.

ముంగిళ్లలో పచ్చిక పెంచకుండా స్థానిక మొక్కలనే ఉంచాలన్న నియమం కూడా మెచ్చదగినదే; ఆ ఇసుక నేలలో వాటికి నీళ్లు, ఎరువులు పెద్దగా అక్కరలేదు. దుకాణాల సంగతి క్లుప్తంగా చెప్పాలంటే, సరుకులకు మోడికా మార్కెట్, పుస్తకాలకు సన్‌డాగ్ బుక్స్ ఉన్నాయి. కారు తీయకుండా రోజు గడుస్తుంది.

లోపాలు చిన్నవి కావు. దిబ్బల వైపున కూడా భోజనశాలలు, కొన్ని కుటీరాలు వెలిశాయి కాబట్టి తొలి సూత్రం పూర్తిగా అమలైందనలేము. ఇళ్ల ధరలు లక్షల డాలర్లు దాటి మిలియన్లకు చేరాయి. చాలా ఇళ్లు యాత్రికులకు అద్దెకిచ్చేవే కావడంతో, అన్ని ఆదాయాల వారూ కలిసి నివసించే ఊరన్న మాట కాగితానికే పరిమితమైంది. అలలు చేరని పొడి ఇసుక మీద హక్కు తీరాన ఇల్లున్నవారిదా, ప్రజలందరిదా అన్న వివాదం కౌంటీ అంతటా ఏళ్ల తరబడి సాగింది. 2018లో రాష్ట్ర చట్టం దానిని మరింత ముదిరేలా చేసింది. దిబ్బను అందరి ఆస్తిగా చూసిన ప్రణాళికకు ఆ ఇసుక మీద ఎవరు కూర్చోవాలన్న ప్రశ్న తట్టకపోవడం నాకు వింతగా ఉంటుంది.

అట్లాంటా నుంచి కారులో సుమారు ఆరు గంటల ప్రయాణం కనుక అక్కడి తెలుగు కుటుంబాలకు ఇది అందుబాటులోనిదే. వేసవి రద్దీ కన్నా అక్టోబరు మేలు, అయితే ఆ నెలాఖరు వరకు తాబేళ్లు గుడ్లు పెట్టి పిల్లలయ్యే కాలం కాబట్టి రాత్రివేళ తీరంలో తెల్లని దీపాలు వాడకూడదు. బస కోసం తీరాన్ని ఆనుకున్న ఇంటికి ఎక్కువ చెల్లించవద్దు; లోపలి వీధిలోని ఇల్లు చాలు. ఒక పూట పక్కనే ఉన్న గ్రేటన్ బీచ్ స్టేట్ పార్కులో, వెస్టర్న్ లేక్ ఒడ్డున నడిస్తే, మనిషి చేయి పడని దిబ్బ ఎలా ఉంటుందో, సీసైడ్ అందులో ఎంత మిగిల్చిందో పక్కపక్కనే పోల్చుకోవచ్చు.