ఆరేళ్ల తర్వాత ఎపాక్సీ పడవ: పూత నిలిచింది, చిల్లు ముంచింది

పదిహేనడుగుల ప్లైవుడ్ పడవ, తీగలతో కుట్టి ఎపాక్సీతో (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) అతికే పద్ధతి, వెనక ఔట్‌బోర్డ్ మోటారు. కొలతలూ నమూనాలూ ఈ పని మొదలుపెట్టినవాళ్లకి తెలిసినవే, వాటి జోలికి పోను. మొదటి ఏడాది చివర నేనన్న మాట ఒకటుంది: "లోపలా బయటా ఎపాక్సీ పట్టిస్తే ఇక చెక్కకి పుచ్చు భయం లేదు." పలకల మీద ఆ మాట ఇప్పటికీ నిజమే. చిల్లుల దగ్గర కాదు. ఈ సమీక్షంతా ఆ చిల్లుల గురించే.

ముందు బాగున్నది చెప్తాను. అతుకులు చెక్కుచెదరలేదు. అడుగు పలకా పక్క పలకా కలిసేచోట చెక్కపొడి, సిలికా కలిపిన ఎపాక్సీ ముద్దని గుండ్రంగా రాసి, అది పచ్చిగా ఉండగానే పైన గాజు గుడ్డ పరిచాం కదా, ఆరేళ్లలో అలల మీద ఎంత దెబ్బ తిన్నా అక్కడ వెంట్రుకవాసి పగులు రాలేదు. మేకులు కొట్టి కట్టిన పడవలో ఈపాటికి ఎక్కడో ఒకచోట అతుకు కదిలి నీరు కారేది.

దెబ్బ తిన్నది ట్రాన్సమ్, అంటే మోటారు తగిలించే వెనక పలక. 18 మి.మీ. ప్లైవుడ్ రెండు పొరలు అతికి, లోపలివైపు 6 మి.మీ. పలక వేస్తే మొత్తం 42 మి.మీ. మందం. దాని అట్టడుగున నీరు వదిలే 25 మి.మీ. చిల్లు, అందులో ఇత్తడి గొట్టం. మామూలుగా చెప్పే తీరులోనే చేసింది: చిల్లు తొలిచి, లోపల రెండు పూతలు ఎపాక్సీ రాసి, సీలెంట్ (నీరు దూరకుండా సందులు మూసే జిగట ముద్ద) పూసిన గొట్టం దూర్చి, చివర్లు మడవడం. నీటి లోతు కొలిచే పరికరం బిగించడానికి మాత్రం, పెయింటు అంతా అయ్యాక, రెండు స్క్రూలు నేరుగా చెక్కలోకి ఎక్కించి వదిలేశాను. సీలెంట్ ఉంది కదా అనుకున్నాను.

నాలుగో ఏడాది ఆ గొట్టానికి బెత్తెడు పైన పెయింటు కింద రూపాయి బిళ్లంత పొక్కు లేచింది. సూదితో గుచ్చితే టీ డికాషన్ రంగు నీరు బొట్టుబొట్టుగా వచ్చింది. స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూస్తే గట్టి చోట ఠక్కుమంటుంది, ఇక్కడ మెత్తగా దబ్బుమంది. తేమ కొలిచే మీటరు పైభాగంలో 11 శాతం చూపిస్తే ఇక్కడ 28 దాటింది. పరికరం స్క్రూ వేళ్లతోనే ఊడి వచ్చింది, స్క్రూ గాడుల మధ్య తడిసిన గోధుమరంగు పొడి. లోపలి పలక కోసి తీస్తే పుచ్చు పైకి 22 సెంటీమీటర్లు పాకింది, పక్కలకి మాత్రం నాలుగు వేళ్లే.

ఆ ఆకారమే కారణం చెప్తుంది. చెక్క నార వెంబడి నీరు గబగబా పాకుతుంది, నారకి అడ్డంగా మెల్లగా. ప్లైవుడ్‌లో నిలువు నార ఉన్న పొరలు చిల్లు లోపల కోత ముఖాలుగా తెరుచుకుని ఉంటాయి. అక్కడ రాసిన రెండు పల్చటి పూతల్ని చెక్క పీల్చేసుకుంటుంది, పైన పొర అంటూ మిగలదు. పైగా ఇత్తడి గొట్టం చివర మడిచేటప్పుడు ఆ అంచున ఉన్న కాస్త పూతా చిట్లుతుంది. వాననీరు నిలిచేది సరిగ్గా అక్కడే. ఉప్పునీటికంటే మంచినీరే పుచ్చుని త్వరగా పెంచుతుంది కాబట్టి కప్పని పడవకి వాన పెద్ద శత్రువు. అన్నిటికంటే నొప్పి పుట్టించే సంగతి ఇంకొకటి: బయట నీటిని లోపలికి రానివ్వని పూతే లోపలికి చేరిన నీటిని బయటికి పోనివ్వదు. పూత లేని చెక్క రెండు ప్రయాణాల మధ్య ఆరుతుంది, ఇది ఆరదు.

అదే ట్రాన్సమ్‌లో మోటారు బోల్టులకి నాలుగు చిల్లులున్నాయి. వాటిని మాత్రం పెద్దగా తొలిచి, ఎపాక్సీ నింపి, మళ్లీ సైజుకి తొలిచాను. ఆరేళ్లకీ వాటి చుట్టూ 11 శాతమే.

బాగుచేత ఇలా సాగింది. చెక్క పొడిగా, తెల్లగా కనబడేదాకా చెక్కేసి, అంచుల్ని మందానికి ఎనిమిది రెట్ల ఏటవాలుగా చెక్కి, ఫ్యాను గాలికి మూడు వారాలు వదిలాను. మీటరు 12 లోపుకి దిగాకే కొత్త ముక్క అతికింది. క్లాంపులు మరీ బిగిస్తే ఎపాక్సీ అంతా బయటికి వచ్చేసి అతుకు బలహీనపడుతుంది, అంచున సన్నగా పొంగితే చాలు. 25 మి.మీ. గొట్టానికి ఈసారి 50 మి.మీ. చిల్లు తొలిచాను. వెనక టేపు వేసి, ఏమీ కలపని ఎపాక్సీని బ్రష్‌తో చెక్క ఇక తాగనంతవరకూ మళ్లీ మళ్లీ పట్టించి, ఆ తర్వాత సిలికా, తరిగిన గాజు పీచు కలిపిన ముద్దని మూడు విడతల్లో నింపాను. ఒకేసారి నింపితే లోపల వేడెక్కి పొగలొస్తాయి, పగుళ్లు పడతాయి. గట్టిపడ్డాక మధ్యలో 25 మి.మీ. తొలిస్తే చుట్టూ 12 మి.మీ. పైచిలుకు ఎపాక్సీ గోడ మిగిలింది. సులువుగా గీకడానికి వీలుగా కలిపే మైక్రోబెలూన్ల పొడి (లోపల డొల్లగా ఉండే సన్నటి గుండ్లు) ఇక్కడ పనికిరాదు, మెత్తన. 5 మి.మీ. స్క్రూకైతే 12 మి.మీ. బిట్‌తో, అవతలికి తేలకుండా తొలిచి నింపడం. పరికరాన్ని ఇప్పుడు ట్రాన్సమ్‌కి బిగించనే లేదు: ఎపాక్సీ పట్టించిన చెక్కదిమ్మని బయట అతికి, స్క్రూలు ఆ దిమ్మలోనే ఆగేలా పెట్టాను.

డెక్ మీది వార్నిష్ మెరుపుని కూడా అప్పట్లో తెగ మెచ్చుకున్నాను. మెరుపు అబద్ధం కాదు. కానీ ఎపాక్సీకి ఎండ పడదు, వార్నిష్ పల్చబడ్డ మూల పసుపు తిరిగి, పొడి రాలి, గాజు గుడ్డ నేత బయటపడింది. ఏడాదికి రెండు పూతలు తప్పవు. ఒకే డబ్బాలో వచ్చే మామూలు ఆల్కిడ్ వార్నిష్, ఎపాక్సీలో మిగిలిన ఎమీన్ (దాన్ని గట్టిపరిచే ద్రవంలోని రసాయనం) వల్ల రోజుల తరబడి జిగటగానే ఉండిపోయింది, గీకి తీసి రెండు భాగాల పాలీయురెథేన్ వేస్తే ఆరింది. ఏది వేసినా ముందు ఎపాక్సీ పైన తేలే మైనంలాంటి పొరని ఉత్త నీళ్లతో, గరుకు ప్యాడ్‌తో కడగాలి, ఎమరీ పేపర్ ఆ తర్వాతే. వరస మారిస్తే ఆ మైనం కాగితానికి పట్టి చెక్కంతా పులుముకుంటుంది. మళ్లీ కడితే డెక్‌కి లేతరంగు పెయింటే వేస్తాను, వార్నిష్ ఒక్క మూతపలకకి ఉంచుతాను.

మళ్లీ ఇదే పద్ధతిలో కడతానా అంటే కడతాను. అయితే నా పడవ మంచినీటి చెరువులో తిరిగి, మిగతా కాలం షెడ్డులో ట్రైలర్ మీద, నీటి చిల్లు బిరడా తీసి, ముందుభాగం ఎత్తి ఉంటుంది. ఏడాదంతా నీళ్లలోనే కట్టి ఉంచే పడవకి నా మాట ఎంతవరకు వర్తిస్తుందో దాని చిల్లులన్నీ తట్టి చూస్తేగానీ తేలదు. ఇలాంటి పడవ ఇప్పటికే తయారుచేసి ఉంటే నీటి చిల్లు గొట్టం ఒకసారి ఊడదీసి చూడండి, చెక్క అంచు గోటికి దిగుతుందో లేదో అక్కడే తెలుస్తుంది.