రాకెట్ల వరుసా, యాప్ బుకింగా, సభ్యత్వమా, కాంట్రాక్టా: పార్కు షటిల్ కోర్టుకు ఏది మేలు?

మా కాలనీ పార్కులో ఉన్నది ఒకటే షటిల్ కోర్టు. సిమెంటు నేల, రెండు ఇనప స్తంభాలు, తెగినచోటల్లా నైలాన్ తాడుతో ముడేసిన నెట్. పొద్దున ఐదున్నరకే పదిహేను మంది చేరిపోతారు. ఏడు దాటిందంటే గాలి లేస్తుంది, ప్లాస్టిక్ కాక్ కూడా పక్కకి కొట్టుకుపోతుంది. కాబట్టి అందరికీ కావాల్సింది ఆ గంటన్నరే. ఈమధ్య కోర్టును ఒక కోచింగ్ అకాడమీకి అప్పగిద్దామన్న మాట మొదలైంది. ఆ మాట విన్న దగ్గర్నుంచి మనసు ఊరుకోక, ఉన్న దారులన్నీ పక్కపక్కన పెట్టి చూశాను.

ఇప్పుడు మా దగ్గర నడుస్తున్నది రాకెట్ల వరుస. వచ్చినవాళ్లు వచ్చినట్టు నెట్ స్తంభం పక్కన గట్టు మీద రాకెట్ పెడతారు. ముందున్న నాలుగు రాకెట్లవాళ్లు కోర్టులోకి దిగుతారు. అమెరికా పార్కుల్లో పికిల్‌బాల్ (ప్యాడిల్ అనే గట్టి బ్యాట్‌తో, చిల్లులున్న ప్లాస్టిక్ బంతితో ఆడే ఆట) ఆడే మనవాళ్లకూ ఇది తెలిసిందే. అక్కడ కంచెకు బిగించిన ర్యాక్‌లో ప్యాడిళ్లు వరుసగా పెడతారు. దీనికి ఫోను అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు, సిఫారసు అంతకన్నా అక్కర్లేదు. కాలనీలో అద్దెకుండేవాళ్లూ, పక్క బస్తీ కుర్రాడూ, రిటైరైన మాస్టారూ ఒకే గట్టు మీద రాకెట్ పెట్టాల్సిందే.

లెక్కలోనూ ఇదే ముందుంటుంది. 21 పాయింట్ల డబుల్స్ గేమ్ ఒకటి మా దగ్గర పావుగంటలో అయిపోతుంది. గంటన్నరలో ఆరు గేములు. గేమ్ అవగానే నలుగురూ దిగిపోతే 24 మందికి ఆట దొరుకుతుంది. అదే ముప్పావుగంట చొప్పున స్లాట్లు బుక్ చేసిస్తే ఆడేది ఎనిమిది మంది. ఒక్క కోర్టే ఉన్నచోట ఇది చిన్న తేడా కాదు.

అయితే నలుగురూ దిగడం మా దగ్గర లేదు. గెలిచినవాళ్లు ఆగుతారు, ఓడినవాళ్లు దిగుతారు. ఒకే జోడీ వరసగా గెలుస్తూ పోతే ఆరు గేముల్లో కోర్టెక్కేది 14 మందే, అందులో ఇద్దరు మొదటి నుంచి చివరిదాకా ఆడతారు. దీని బాధేంటో నాకు మొన్న వేసవి సెలవుల్లో తెలిసొచ్చింది. తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి, వాళ్లమ్మ ఆరింటికే వచ్చి రాకెట్లు పెట్టారు. ముప్పావుగంట నిలబడ్డాక వాళ్ల టర్న్ వచ్చింది. ఎదురుగా రోజూ ఆడే జోడీ. 21-4. ఐదు నిమిషాల్లో దిగిపోయారు. రాకెట్లు మళ్లీ వరుస చివర పెట్టి, "అంకుల్, మాకు మళ్లీ ఎప్పుడొస్తుంది?" అని అడిగింది ఆ పాప. "ఇంకో నాలుగు గేములు తల్లీ" అన్నాను. అప్పటికి గాలి లేస్తుందని తనకీ తెలుసు. రాకెట్ కవర్లో పెట్టుకుని వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు. ఎదురుగా ఆడిన జోడీలో ఒకణ్ణి నేనే. ఆ రోజు నుంచి "గెలిచినవాళ్లు ఆగాలి" అన్న పద్ధతిని నేను సమర్థించలేకపోతున్నాను.

యాప్ బుకింగ్ బలం సరిగ్గా ఇక్కడే ఉంది. ఆరుంబావుకి మనదంటే మనదే. ఇంట్లో వంట, పిల్లల బాక్సులు చూసుకుని రావాల్సిన ఆడవాళ్లకీ, ఎనిమిదింటికి ఆఫీసు బస్సెక్కాల్సినవాళ్లకీ ఆ భరోసా చాలా విలువైనది. బ్రిటన్‌లో పార్కు టెన్నిస్ కోర్టులను ఈ దారిలోనే బాగుచేశారు. అక్కడి ప్రభుత్వం, లాన్ టెన్నిస్ అసోసియేషన్ కలిసి డబ్బు పెట్టి 3,000కు పైగా కోర్టులకు మరమ్మతులు చేశాయి. చాలాచోట్ల గేటుకు కోడ్ తాళం పెట్టారు. ఫోన్లో బుక్ చేసుకుంటే కోడ్ వస్తుంది, అది నొక్కితే గేటు తెరుచుకుంటుంది. రుసుము ఉన్నచోట ఆ డబ్బు కోర్టు నిర్వహణకు పనికొస్తుంది. పాడుబడ్డ కోర్టులు మళ్లీ ఆటకొచ్చాయి, నిజమే. కానీ ఖాళీగా కనబడితే లోపలికి వెళ్లి ఆడుకునే వీలు తగ్గిపోయింది.

మన దగ్గర ఇంకో ఇబ్బంది కూడా ఉంటుంది. ఒకే గుంపులో నలుగురూ రోజుకొకరు చొప్పున స్లాట్ పట్టేస్తే వారమంతా వాళ్లదే. బుక్ చేసినవాళ్లు రాకపోతే, పదిమంది బయట నిలబడి ఖాళీ కోర్టును చూస్తూ ఉండాలి. పది నిమిషాలు దాటితే స్లాట్ పోయి, అక్కడున్నవాళ్లకు దక్కాలన్న నియమం లేకుండా ఏ యాప్ పెట్టినా గొడవలే.

ఇక సభ్యత్వం. ఇది కావాలనేవాళ్లు, నెట్ కొన్నది మేం, గీతలు వేయించింది మేం, కాబట్టి తాళం చెవి మా దగ్గరుంటుంది అంటారు. వాళ్ల చేతి డబ్బు పడింది కాబట్టి ఆ మాటను తేలిగ్గా తీసిపారేయలేను. కానీ పార్కు నేల వాళ్లది కాదు. డబ్బూ రావాలి, తాళమూ పడకూడదు అంటే న్యూయార్క్ పద్ధతి చూడాలి. అక్కడ నగర పార్కుల శాఖ టెన్నిస్‌కు సీజన్ పర్మిట్ అమ్ముతుంది. పెద్దవాళ్లకు 100 డాలర్లు, 62 ఏళ్లు నిండినవాళ్లకు 20, పిల్లలకు 10. డబ్బు కట్టి ఎవరైనా కొనుక్కోవచ్చు. కొన్నంత మాత్రాన కోర్టు సొంతమైపోదు, వంతు కోసం ఆగాల్సిందే. పిల్లల ధర పెద్దల ధరలో పదో వంతు ఉండటం నాకు మరీ నచ్చింది.

కాంట్రాక్టు మాటకొస్తే, తల్లిదండ్రుల ఆశ నాకు అర్థమవుతుంది. గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ టోర్నీ గెలిచాక, సింధు ఒలింపిక్స్‌లో 2016లో రజతం, టోక్యోలో కాంస్యం తెచ్చాక, హైదరాబాద్‌లో షటిల్ కోచింగ్ కోరని ఇల్లు తక్కువ. అకాడమీ వస్తే మంచి నేల, లైట్లు, కోచ్ వస్తారు. కానీ కోచింగ్ వేళలు కూడా ఆ పొద్దుటి గంటన్నరా, సాయంత్రమే. ఫీజు కట్టలేనివాళ్లు కంచె బయటే ఉండిపోతారు. బెంగళూరులో పార్కుకు వదిలిన స్థలాన్ని ప్రైవేటు ఆస్పత్రికి ఇవ్వడాన్ని సుప్రీంకోర్టు 1991లోనే తప్పుపట్టింది. అకాడమీ, ఆస్పత్రి ఒకటి కాదు. అయినా అందరి స్థలాన్ని కొందరికి అప్పగించడం దగ్గర ప్రశ్న ఒకటే. 2024లో చెన్నై కార్పొరేషన్ ఫుట్‌బాల్ మైదానాలను ప్రైవేటుకు ఇవ్వాలని తీర్మానించి, జనం ఎదురుతిరిగేసరికి వెనక్కి తగ్గింది. కోచ్‌కు సాయంత్రం నాలుగు నుంచి ఐదున్నర దాకా వేళ ఇవ్వొచ్చు. కోర్టును ఇవ్వకూడదు.

నా మాట ఇది. ఒకటి రెండు కోర్టులున్న పార్కుకు రాకెట్ల వరుసే మేలు, కాకపోతే గేమ్ అవగానే నలుగురూ దిగాలి. వారంలో మూడు రోజులు ఆరు నుంచి ఆరున్నర వరకు ఆడవాళ్లకూ, కొత్తగా నేర్చుకునేవాళ్లకూ విడిగా ఉంచాలి. నాలుగైదు కోర్టులున్నచోట సగం బుకింగ్‌కు, సగం వరుసకు. పికిల్‌బాల్ అడిగేవాళ్లు ఇప్పుడిప్పుడే వస్తున్నారు. దాని కోర్టు కొలత మన డబుల్స్ కోర్టుదే, 44 అడుగులకు 20. నెట్ మాత్రం కిందికి దించాలి. ఆ చప్పుడు పక్క ఇళ్లకు గట్టిగానే వినిపిస్తుంది కాబట్టి పొద్దున్నే వద్దు.

పోయిన ఆదివారం ఇదంతా పార్కులో కూర్చుని చెప్పాను. నలుగురూ దిగడానికి చాలామంది సరేనన్నారు. సాయంత్రం లైట్ల కరెంటు బిల్లు దగ్గర మాట ఆగింది. దానికోసం న్యూయార్క్ తరహాలో పాస్ పెడితే ధర ఎంత ఉండాలో వచ్చే ఆదివారం, పిల్లలకు ఎంత తగ్గించాలో తేల్చుకుంటాం.