ఏ ఫిల్లర్ మేలు: వెంటనే నింపేదా, కొల్లాజెన్ పుట్టించేదా?

పెళ్లిళ్ల సీజన్ వస్తోందంటే బంజారాహిల్స్, కొండాపూర్ స్కిన్ క్లినిక్‌లలో చాలామంది ముందు అడిగేది ఫిల్లర్, అంటే ముఖంలో ముడతలు, లోతులు నింపే ఇంజెక్షన్ ధరే. అసలు అడగాల్సింది సిరంజిలో ఏముందని. అన్నిటినీ ఫిల్లర్లనే అంటున్నా, లోపలికి వెళ్లాక ఒక్కోటి చేసే పని వేరు.

ఎక్కువగా వాడేది హయలురోనిక్ యాసిడ్. ఇది మన చర్మంలో సహజంగా ఉండేదే. మామూలుగా ఎక్కిస్తే శరీరం త్వరగా కరిగించేస్తుంది కాబట్టి దాని గొలుసులను కలిపి కట్టి జెల్‌గా చేస్తారు. నానిన సబ్జా గింజలా అది నీటిని పట్టి ఉంచుతుంది. బుగ్గ అక్కడికక్కడే నిండుతుంది. చుట్టూ ఉన్న కణజాలం సాగడంతో ఫైబ్రోబ్లాస్ట్ కణాలు కొంత కొత్త కొల్లాజెన్‌ను (చర్మాన్ని బిగువుగా ఉంచే ప్రోటీన్) కూడా తయారుచేస్తాయి. రకాన్ని బట్టి 6 నుంచి 18 నెలలు ఉంటుంది.

పాలీ ఎల్ లాక్టిక్ యాసిడ్ కథ వేరు. ఇది కరిగిపోయే కుట్ల దారాల జాతి పదార్థం. పొడిని నీటిలో కలిపి ఎక్కిస్తారు. మొదటి రోజు కనిపించే నిండుదనం ఆ నీటిదే, కొద్ది రోజుల్లో పోతుంది. చాలామందికి టెన్షన్ మొదలయ్యేది అప్పుడే. కానీ అసలు పని లోపల అప్పుడే మొదలవుతుంది. రోగనిరోధక వ్యవస్థ ఆ రేణువులను పరాయివిగా గుర్తిస్తుంది. మాక్రోఫేజ్ కణాలు వచ్చి మింగబోతాయి. రేణువులు పెద్దవి కావడంతో మింగలేక చుట్టుముట్టి, సంకేతాలు పంపిస్తాయి. వాటికి స్పందించిన ఫైబ్రోబ్లాస్ట్‌లు కొల్లాజెన్ పేరుస్తాయి. అంటే ఇక్కడ ఆ కొద్దిపాటి ఇన్‌ఫ్లమేషనే (రోగనిరోధక స్పందనే) చికిత్స. ఫలితం తెలియడానికి వారాలు, నెలలు పడుతుంది. రెండు మూడు సిట్టింగులు కావాలి, రెండేళ్ల దాకా నిలుస్తుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2004లో దీన్ని మొదట అనుమతించింది హెచ్ఐవీ వల్ల బుగ్గలు పీక్కుపోయినవారి కోసం.

కాల్షియం హైడ్రాక్సీ అపటైట్ ఈ రెంటికీ మధ్యస్థం: జెల్ వెంటనే నింపుతుంది, రేణువులు తర్వాత కొల్లాజెన్ పుట్టిస్తాయి. పెదాలకు మాత్రం వద్దు.

మొదటిసారి వేయించుకునేవారికి నా ఓటు హయలురోనిక్‌కే. కారణం ఒక్కటే: నచ్చకపోయినా, పొరపాటున రక్తనాళం మూసుకుపోయినా హయలురోనిడేస్ అనే ఎంజైమ్ ఇచ్చి కరిగించవచ్చు. మిగతా రెంటికీ అలాంటి విరుగుడు లేదు. అలాగని ఇది పూర్తిగా నిరపాయమని కాదు. రక్తనాళం మూసుకుపోతే ఏ ఫిల్లర్‌తోనైనా చర్మం చచ్చుబడొచ్చు, అరుదుగా చూపే పోవచ్చు. జ్వరమో పంటి ఇన్ఫెక్షనో వచ్చినప్పుడు నెలల కిందటి జెల్ చుట్టూ వాపు రావడమూ ఉంది.

వయసుతో బుగ్గలు లోతుకు పోయి, ఆగే ఓపిక ఉన్నవారికి పాలీ ఎల్ లాక్టిక్ యాసిడే మేలు. లూపస్, రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ లాంటి ఆటోఇమ్యూన్ జబ్బులున్నా (రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరం మీదే దాడి చేసేవి), గాయం మానాక ఉబ్బెత్తుగా పెరిగే కెలాయిడ్ మచ్చలు వచ్చే శరీరమైనా డాక్టరుకు ముందే చెప్పాలి. రోగనిరోధక స్పందన అతిగా ఉంటే మిగిలేది గడ్డలే.

పార్లర్లో మాత్రం వేయించుకోకండి. డెర్మటాలజిస్ట్ దగ్గరైనా మీ కళ్లముందే సీలు విప్పించి, బ్యాచ్ నంబర్ స్టిక్కర్ మీ ఫైలులో అంటించమనండి. హయలురోనిడేస్ క్లినిక్‌లో ఉందా అని అడగండి. లేదంటే ఆ రోజుకు లేచి వచ్చేయండి.